ఉత్పాతం దైవదండనమా? 1934 భూకంపం లేవనెత్తిన ధర్మసంశయం

1934 జనవరి 15. మకర సంక్రాంతి మరునాడు. మధ్యాహ్నం రెండు గంటలు దాటిన కొద్ది నిమిషాలకు హిమాలయ పాదప్రాంతమంతా కంపించింది. సుమారు 8 తీవ్రత గల ఆ భూకంపానికి కేంద్రం తూర్పు నేపాల్. ఉత్తర బీహారులోని ముంగేరు, ముజఫర్‌పూర్, దర్భంగా, మోతీహారీ, సీతామఢీ పట్టణాలు క్షణాలలో శిథిలరాశులయ్యాయి. ఖాట్మండు, పాటన్, భక్తపూర్ నగరాలలో దేవాలయాలు, భవనాలు నేలకూలాయి. సుమారు 300 కిలోమీటర్ల పొడవున భూమి మెత్తబడి, పగుళ్ల నుండి ఇసుక, నీరు ఎగజిమ్మి పైర్లను కప్పివేశాయి. బావులు ఇసుకతో పూడిపోయాయి. ఒక్క బీహారులోనే ఏడువేలకు పైగా ప్రాణాలు పోయాయి. నేపాల్‌లోనూ వేలాదిమంది మరణించారు.

ఇంతటి విపత్తు సంభవించినప్పుడు మానవహృదయం మొదట అడిగే ప్రశ్న "ఎలా?" అన్నది కాదు, "ఎందుకు?" అన్నది. ఎవరి పాపం పండింది? ఏ దేవత ఆగ్రహించింది? ఈ ప్రశ్న అనాదిగా ఉన్నదే. అయితే 1934లో దీనిని విచారించినవారు సామాన్యులు కారు. మహాత్మాగాంధీ ఒకవైపు, విశ్వకవి రవీంద్రనాథ ఠాకూరు మరొకవైపు నిలిచారు. ఇద్దరూ ఈశ్వరవిశ్వాసం గలవారే, ఇద్దరూ ఉపనిషద్వాఙ్మయాన్ని, గీతను జీర్ణించుకున్నవారే, ఇద్దరూ అస్పృశ్యతను మహాపాతకంగా భావించినవారే. అందుచేత వారి మధ్య నడిచిన ఆ సంవాదం ఆస్తిక నాస్తిక వివాదం కాదు. ఆస్తికుల మధ్యనే ఈశ్వరస్వరూపాన్ని గూర్చి జరిగిన గంభీరమైన విచారణ.

తిరునల్వేలి ప్రసంగం

1933 నవంబరులో వార్ధా నుండి బయలుదేరిన గాంధీజీ అస్పృశ్యతానివారణ కోసం దేశమంతటా పర్యటిస్తున్నారు. డిసెంబరులో ఆంధ్రదేశంలో కూడా సంచరించి, హరిజన నిధికి విరాళాలు స్వీకరించారు. భూకంపవార్త చేరేనాటికి ఆయన దక్షిణాదిన ఉన్నారు. జనవరి 24న తిరునల్వేలిలో జరిగిన బహిరంగసభలో బీహారు ఆర్తులకు సహాయం చేయవలసిందిగా ప్రజలను అర్థించారు. దానితోపాటు మరొక మాట కూడా అన్నారు. ఈ భూకంపం మన పాపాలకు, ముఖ్యంగా అస్పృశ్యత అనే పాపానికి భగవంతుడు పంపిన దండనమని తాను నమ్ముతున్నానన్నారు. దీనిని మూఢవిశ్వాసమని ఎవరైనా అనుకున్నా, ఆ విశ్వాసంలో పాలు పంచుకొమ్మని సభికులను కోరారు.

ఈ మాట పత్రికలలో వెలువడింది. గాంధీజీ మాట కాకపోయి ఉంటే దేశం దానిని మరునాటికే మరచిపోయేది. కాని దేశమంతా ఆయన మాటను ప్రమాణంగా స్వీకరిస్తున్న కాలమది.

విశ్వకవి ఆక్షేపణ

పత్రికావార్త చదివిన రవీంద్రులు జనవరి 28న ఒక ప్రకటన రచించి, ముందుగా గాంధీజీకే పంపారు. వార్త యథార్థమైతేనే తన సమాధానాన్ని ప్రకటించవచ్చునన్నారు. గాంధీజీ దానిని దాచలేదు. తన 'హరిజన్' పత్రిక ఫిబ్రవరి 16 సంచికలో దానిని, దానికి తన ప్రత్యుత్తరాన్ని కలిపి ముద్రించారు. విభేదించేవారు పరస్పరం ఎలా వర్తించాలో నేర్పడానికి ఆ ఒక్క సంచిక చాలు.

రవీంద్రుల ఆక్షేపణలో మూడు అంశాలున్నాయి. మొదటిది, భౌతికమైన ఉత్పాతాలకు కారణాలు భౌతికజగత్తులోనే ఉంటాయి. సృష్టి నియమాలు మనుష్యుల నడవడిని చూసి తమ గతిని మార్చుకోవు. రెండవది, ధర్మబోధ కోసం ఈశ్వరుడు పసిపిల్లలను, నిరపరాధులను, చివరకు అస్పృశ్యత వలన బాధపడుతున్న ఆ హరిజనులనే శిథిలాల క్రింద నలిపివేస్తే, ఆ ఈశ్వరుని కంటె మానవుని నీతియే ఉన్నతమైనదని ఒప్పుకోవలసి వస్తుంది. నేరం చేసినవారు దూరాన సుఖంగా ఉండగా, వారికి బుద్ధి చెప్పడానికి దారిన పోయేవారిని శిక్షించే రాజును ఎవరూ ధర్మాత్ముడనరు. మూడవది అన్నిటికంటె సూక్ష్మమైనది. ఈ తర్కం ప్రత్యర్థుల చేతికే ఎక్కువ చక్కగా అమరుతుంది. గాంధీజీ అంటరానితనాన్ని నిర్మూలించబూనడం వల్లనే దేవతలు ఆగ్రహించారని వారు కూడా ఇంతే సులభంగా చెప్పగలరు కదా!

ఆ మూడవ అంశం కేవలం వాదచమత్కారం కాదు. గాంధీజీ పర్యటనను శాస్త్రవిరుద్ధమని ఎదిరించినవారు ఆనాడు తీవ్రంగానే ఎదిరించారు. 1934 జూన్ 25న పూనాలో ఆయన వస్తున్నారని తలచిన కారుపై బాంబు పడింది. దైవం తమ పక్షాననే ఉందని నిశ్చయించుకున్నవారి ఆగ్రహం ఎంతవరకు పోగలదో ఆ సంఘటన చూపింది.

గాంధీజీ సమాధానం

గాంధీజీ తన విశ్వాసాన్ని ఉపసంహరించుకోలేదు. ఈశ్వరేచ్ఛ లేనిదే ఆకు కూడా కదలదన్నది తనకు అక్షరసత్యమన్నారు. అనావృష్టి, వరదలు, భూకంపాలు పైకి భౌతికకారణాల వలన కలిగినట్లు కనిపించినా, వాటికి మానవుల నైతికజీవితంతో ఏదో సంబంధం ఉందని తన అంతరాత్మ చెబుతున్నదన్నారు. దానిని నిరూపించలేనని నిజాయితీగా అంగీకరించారు. ఈశ్వరుని నియమాలన్నీ మానవునికి తెలియవని, తెలియనంతమాత్రాన అవి లేవనలేమని వాదించారు. మన పాపాలకు సృష్టిని కూలదోసే శక్తి లేదని రవీంద్రులు అనగా, ఏ భౌతికఘటనకంటెను పాపానికే ఆ శక్తి అధికంగా ఉందని తన నమ్మకమన్నారు.

అయితే ఆయన సమాధానంలో గమనించవలసిన విషయం మరొకటి ఉంది. ఈ విశ్వాసం తనను మరింత వినమ్రుని చేస్తున్నదని, పశ్చాత్తాపానికి, ఆత్మశుద్ధికి ప్రేరేపిస్తున్నదని ఆయన చెప్పుకున్నారు. "బీహారువారి పాపం" అని ఆయన అనలేదు. "మన పాపం" అన్నారు. ఆ "మన"లో మొదటి దోషి తానేనని భావించారు.

జవహర్‌లాల్ నెహ్రూ తన ఆత్మకథలో ఈ ఘట్టాన్ని ప్రస్తావించారు. గాంధీజీ ప్రకటన చదివి దిగ్భ్రాంతి చెందానని, రవీంద్రుల సమాధానాన్ని హృదయపూర్వకంగా ఆమోదించానని రాశారు. ఈ తర్కంతోనే బ్రిటిషు ప్రభుత్వం కూడా భూకంపాన్ని శాసనోల్లంఘనకు పడిన శిక్షగా చెప్పుకోవచ్చునని ఆయన ఎత్తిచూపారు. అత్యధికంగా దెబ్బతిన్న ఉత్తర బీహారు స్వాతంత్ర్యోద్యమంలో ముందువరుసలో నిలిచిన ప్రాంతమే. పాపం పేరు మారుతుంది, తర్కం మాత్రం అదే.

ఇటువంటి అన్వయం భారతదేశానికే ప్రత్యేకం కాదు. 1755 నవంబరు 1న పోర్చుగల్ రాజధాని లిస్బన్‌ను భూకంపం ధ్వంసం చేసింది. ఆనాడు వారికి మహాపర్వదినం. ప్రార్థనాలయాలలో నిండిపోయిన భక్తులపైనే కప్పులు కూలాయి. మలగ్రీదా అనే మతాచార్యుడు అది ప్రజల పాపాలకు శిక్ష అని, పునర్నిర్మాణంకంటె పశ్చాత్తాపమే ముఖ్యమని కరపత్రం ప్రకటించాడు. ఆరాధిస్తున్నవారే ఎందుకు మరణించారన్న ప్రశ్న ఐరోపాలోని తత్త్వవేత్తలను దశాబ్దాల పాటు కలచివేసింది. అదే ప్రశ్నను భారతీయశాస్త్రాల ముందు ఉంచితే అవి ఏమని సమాధానమిస్తాయి?

శాస్త్రదృష్టి

శాస్త్రాలు ఏకకంఠంతో "దండనమే" అంటాయని అనుకోవడం తొందరపాటు. ఆరవ శతాబ్దానికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలో భూకంపలక్షణాలకు ఒక అధ్యాయాన్ని కేటాయించి, భూకంపకారణాలను గూర్చి అభిప్రాయాలను వరుసగా పేర్కొన్నాడు. సముద్రజలాలలోని మహాప్రాణి కదలిక అని కొందరు, భూభారం మోసి అలసిన దిగ్గజాల విశ్రాంతి అని కొందరు, పరస్పరం ఢీకొన్న వాయువులు భూమిపై పడడమని కొందరు, అదృష్టమనబడే కర్మఫలమని మరికొందరు అంటారు. కర్మఫలమన్నది అక్కడ పేర్కొన్న మతాలలో ఒకటి మాత్రమే. అదే గ్రంథంలోని ఉత్పాతాధ్యాయంలో మనుష్యుల అపచారాల వలన ఉపద్రవాలు కలుగుతాయన్న మాట కూడా ఉంది. అప్పుడు శాంతికర్మ చేయించవలసిన బాధ్యతను ఆచార్యుడు రాజుపై ఉంచాడు.

చరకసంహిత విమానస్థానంలోని జనపదోద్ధ్వంసనీయాధ్యాయం ఇంకా స్పష్టంగా మాట్లాడుతుంది. గ్రీష్మాంతంలో గంగాతీరాన సంచరిస్తున్న పునర్వసు ఆత్రేయుణ్ణి శిష్యుడైన అగ్నివేశుడు ప్రశ్నిస్తాడు. ప్రకృతి, ఆహారం, బలం, వయస్సు వేరువేరుగా ఉన్న జనులు ఒకేసారి ఎలా నశిస్తారు? వాయువు, జలం, దేశం, కాలం అనే నాలుగు అందరికీ ఉమ్మడివని, అవి వికృతిచెందితే జనపదాలే ధ్వంసమవుతాయని గురువు చెబుతాడు. ఆ వికృతికి మూలం అధర్మమని, అధర్మానికి మూలం ప్రజ్ఞాపరాధమని వివరిస్తాడు. అధర్మం ఎక్కడ మొదలవుతుంది? దేశానికి, నగరానికి, గ్రామానికి పెద్దలైనవారు ధర్మం తప్పినప్పుడు మొదలై, వారిని ఆశ్రయించినవారి ద్వారా క్రిందికి వ్యాపిస్తుంది. ఇక్కడ రెండు విశేషాలున్నాయి. ఒకటి, దోషాన్ని వెదికే చూపు రోగిపైకి కాక అధికారిపైకి పోతున్నది. రెండు, ఉపద్రవం రాకముందే ఓషధులను సేకరించి ఉంచుకొమ్మని ఆత్రేయుడు శిష్యులను ఆదేశిస్తాడు. కారణం అధర్మమని చెప్పిన ఆ నోటనే, ముందుజాగ్రత్తను కూడా విధించాడు. దైవదండనాన్ని అడ్డుకోరాదని ఆయన అనలేదు.

ఇక వేదాంతదర్శనం. బ్రహ్మసూత్రాలలోని రెండవ అధ్యాయం మొదటి పాదంలో వైషమ్యనైర్ఘృణ్యాధికరణం ఉంది. లోకంలో ఒకరికి సుఖం, మరొకరికి దుఃఖం కలుగుతుంటే ఈశ్వరునికి పక్షపాతం, నిర్దయ అంటవా అన్నది అక్కడి పూర్వపక్షం. శంకరభగవత్పాదులు పర్జన్యదృష్టాంతంతో దీనిని పరిష్కరించారు. మేఘం వరిపైనా, యవలపైనా ఒకే విధంగా వర్షిస్తుంది. మొలకలలోని భేదం బీజాల వలన కలిగినది కాని, వర్షం వలన కాదు. అలాగే ఈశ్వరుడు సర్వసాధారణ కారణం. ఫలభేదం జీవుల కర్మను అనుసరించినది.

ఈ సిద్ధాంతాన్ని నిదానంగా పరిశీలిస్తే, "దండనం" అనే మాట ఇక్కడ ఇమడదని తెలుస్తుంది. దండించేవానికి ఆగ్రహం కావాలి, తీర్పు కావాలి, శిక్షాకాలనిర్ణయం కావాలి. శంకరుల ఈశ్వరునిలో ఇవేవీ లేవు. వేదాంతం కర్మను అంగీకరించి, కోపిష్ఠి దేవుణ్ణి నిరాకరించింది.

అయితే కర్మఫలమని ఒప్పుకున్న తరువాత, మరణించినవారు తమ పాపం వల్లనే మరణించారని చెప్పవచ్చుకదా అన్న శంక మిగులుతుంది. దీనికి గీత నాల్గవ అధ్యాయం సమాధానమిస్తుంది. కర్మగతి దుర్విజ్ఞేయమని శ్రీకృష్ణభగవానుడే హెచ్చరించాడు. ఏ కర్మ, ఏ జన్మలోనిది, ఎవరికి, ఏ రూపంలో ఫలించిందో చెప్పగల నేత్రం ఏ మానవునికీ లేదు. తెలియనిదానిని తెలిసినట్లు చెప్పి, కన్నబిడ్డను శిథిలాలలో వెదుకుతున్న తల్లితో "నీ పూర్వపాపం" అనడం జ్ఞానం కాదు, అది హింస.

వ్యాకరణపరిభాషలో చెప్పాలంటే, కర్మసిద్ధాంతం ఉత్తమపురుషలో చెప్పుకోవలసినది. "నాకు కలిగిన దుఃఖం నా కర్మఫలం" అనుకున్నప్పుడు అది సహనాన్ని, ఆత్మపరీక్షను, వైరాగ్యాన్ని ఇస్తుంది. "వారికి కలిగిన దుఃఖం వారి కర్మఫలం" అన్న క్షణంలోనే ఆ సిద్ధాంతం కరుణను చంపే ఆయుధంగా మారుతుంది. వాక్యంలో మారినది పురుష మాత్రమే. కాని మొదటిది సాధన, రెండవది అహంకారం.

కథలు చూపే దిశ

ఇతిహాసపురాణాలు కూడా ఈ వివేకానికి సాక్ష్యమిస్తాయి. వాల్మీకిరామాయణం బాలకాండలో అంగరాజైన రోమపాదుని ధర్మవ్యతిక్రమం వలన రాజ్యంలో ఘోరమైన అనావృష్టి ఏర్పడింది. రాజు ప్రజల పాపాలను లెక్కించలేదు. తన తప్పిదానికి ప్రాయశ్చిత్తమేమిటని పెద్దలను అడిగి, వారి ఉపదేశం మేరకు ఋష్యశృంగుణ్ణి రప్పించాడు. వర్షం కురిసింది. శాంతిపర్వంలో భీష్ముడు కూడా యుగం మంచిదో చెడ్డదో నిర్ణయించేది రాజేనని ధర్మరాజుకు బోధించాడు. నేరారోపణ ఎప్పుడూ పైకి, అధికారం గలవాని వైపుకే పోవాలన్నది ఈ కథల తాత్పర్యం.

దీనికి విరుద్ధమైన కథ లేకపోలేదు. ఉత్తరకాండలోని శంబూకవృత్తాంతంలో ఒక బాలుని అకాలమరణానికి కారణం వెదుకుతూ పోయిన చూపు, తపస్సు చేస్తున్న శూద్రునిపై పడింది. ఉత్తరకాండ తరువాతి కాలపు రచన అని పలువురు పండితుల అభిప్రాయం. ప్రక్షిప్తమైనా కాకపోయినా, ఆ కథ నేటి పాఠకునికి ఒక హెచ్చరికగా ఉపయోగపడుతుంది. "ఎవరి పాపం?" అన్న ప్రశ్న సమాజంలో బలహీనుల వైపుకు తిరిగితే, దాని చివర కత్తి ఉంటుంది. 1934లో రవీంద్రులు భయపడినది సరిగ్గా దీనికే.

ఆదిపర్వంలోని అణిమాండవ్యోపాఖ్యానం ఇంకొక మెట్టు పైకి తీసుకుపోతుంది. నిరపరాధియైన మాండవ్యమహర్షిని దొంగగా భావించి రాజభటులు శూలంపై ఎక్కించారు. మహర్షి ధర్మదేవతనే నిలదీశాడు. బాల్యంలో పురుగులను పుల్లతో గుచ్చినందుకు ఇది ఫలమని ధర్ముడు సమాధానమిచ్చాడు. అల్పమైన అపరాధానికి ఇంతటి శిక్షయా అని ఋషి ఆగ్రహించి, ధర్ముణ్ణి శూద్రయోనిలో జన్మించమని శపించాడు. పద్నాలుగేండ్లలోపు పిల్లలు చేసిన పనికి పాపం అంటరాదని మర్యాద కూడా నిర్దేశించాడు. ఆ శాపఫలంగా జన్మించినవాడే విదురుడు. దేవుడైనా దండనంలో మితిమీరితే ప్రశ్నించే అధికారం ధర్మానికుందని వ్యాసుడు ఇంత స్పష్టంగా చాటాడు. శిథిలాల క్రింది శిశువులను చూపి విశ్వకవి అడిగిన ప్రశ్న మాండవ్యుడు అడిగినదే.

కేదారక్షేత్రం, దివిసీమ

2013 జూన్ 16, 17 తేదీలలో కేదారనాథ క్షేత్రాన్ని మహాప్రళయం ముంచెత్తింది. శ్రీనగర్ సమీపంలో అలకనందానదిపై నిర్మిస్తున్న జలవిద్యుత్కేంద్రం నిమిత్తం ధారీదేవి విగ్రహాన్ని జూన్ 16 సాయంకాలం స్వస్థానం నుండి కదిలించారు. ఆ అపచారం వల్లనే విపత్తు వచ్చిందని స్థానికులనేకులు నమ్మారు. దేశమంతటా భక్తులు ఆ మాట చెప్పుకున్నారు. మరణించినవారు, కనిపించకుండాపోయినవారు కలిసి వేలల్లో ఉన్నారు. వారిలో అత్యధికులు శివదర్శనానికి కష్టపడి కొండలెక్కినవారు, వారికి సేవచేసి పొట్టపోసుకునేవారు. తెలుగునాట నుండి వెళ్లిన యాత్రికులు కూడా అక్కడ చిక్కుకుపోయారు. విగ్రహాన్ని కదిలించాలని నిర్ణయించినవారికి ఏమీ కాక, కేదారేశ్వరుని సన్నిధికి చేరిన భక్తులకు ఆ శిక్ష పడిందనడం అమ్మవారి మాతృత్వానికే కళంకం.

అయితే ఆ నమ్మకంలో ఒక సత్యాంశం దాగి ఉంది. అసాధారణమైన వర్షం, కరుగుతున్న మంచు, చోరాబారీ సరస్సు గట్టు తెగడం ప్రళయానికి తక్షణకారణాలు. కాని నదీగర్భంలోనే కట్టిన భవనాలు, పర్వతాలను తొలిచిన నిర్మాణాలు నష్టాన్ని ఎన్నోరెట్లు పెంచాయి. నదిని దేవతగా కొలుస్తూ ఆమె మార్గంలోనే గోడలు కట్టడం ప్రజ్ఞాపరాధం కాక మరేమిటి? అక్కడ ఫలించినది కర్మయే. కాని అది మరణించిన యాత్రికుని పూర్వజన్మకర్మ అని వెదకనక్కరలేదు. కట్టినవారు, అనుమతించినవారు, లాభం పొందినవారు ఈ జన్మలోనే, కళ్లెదుటనే చేసిన కర్మ అది. ఆత్రేయుడు చెప్పిన పెద్దల అధర్మం అంటే ఇదే.

ఈ సత్యాన్ని తెలుగుతీరం మరింత స్పష్టంగా చూపుతుంది. 1977 నవంబరు 19న కృష్ణానది ముఖద్వారం వద్ద దివిసీమను ఉప్పెన ముంచింది. అధికారిక లెక్కల ప్రకారమే సుమారు పదివేలమంది మరణించారు. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ప్రాంతాలలో పూరిగుడిసెలలోని జాలరులు, వ్యవసాయకూలీలు కుటుంబాలకు కుటుంబాలుగా కొట్టుకుపోయారు. సురక్షితమైన కట్టడమంటూ లేనివారే అధికంగా నశించారు. ఆ తరువాత తీరమంతటా తుఫాను ఆశ్రయకేంద్రాలు నిర్మించారు, హెచ్చరికల వ్యవస్థను మెరుగుపరచారు. 1990 మే నెలలో దాదాపు అదే తీరాన్ని అంతే ప్రచండమైన తుఫాను తాకింది. లక్షకు పైగా ప్రజలను ముందుగానే తరలించడం వలన మరణాలు వేయికి లోపే ఉన్నాయి.

పదమూడేండ్లలో తీరవాసుల పాపం పదోవంతుకు తగ్గిందా? తగ్గినది పాపం కాదు, నిర్లక్ష్యం. సకాలంలో వచ్చిన హెచ్చరికకు, గట్టి కప్పుకు తలవంచేది దైవదండనం ఎలా అవుతుంది? గాలిని పంపినది ప్రకృతి కావచ్చు, ఈశ్వరేచ్ఛ కావచ్చు. కాని ఆ గాలికి ఎందరు బలి కావాలన్నది చాలావరకు మానవులు ముందుగా నిర్ణయించినదే.

గోవర్ధనగిరి క్రింద

భాగవతం దశమస్కంధం ఈ విచారణకు పరాకాష్ఠ. వ్రజవాసులు ఏటేటా చేసే ఇంద్రయాగాన్ని బాలకృష్ణుడు మాన్పించాడు. జీవులు కర్మానుసారంగా సుఖదుఃఖాలు పొందుతుంటే ఇంద్రునికి భయపడడమెందుకని ప్రశ్నించి, గోవులను, గోవర్ధనగిరిని పూజింపజేశాడు. అహంకరించిన దేవేంద్రుడు ప్రళయమేఘాలను విప్పాడు. ఏడు దినాలు రాళ్లవాన, పెనుగాలులు.

ఇక్కడ సందేహానికి తావు లేదు. ఆ వర్షం నిజంగానే దైవదండనం. అపరాధమేమిటో, దండించినదెవరో పోతనగారి తెలుగులో చదివినవారందరికీ తెలుసు. అయినా శ్రీకృష్ణుడు వణుకుతున్న గోపాలకులతో "మీరు ఇంద్రునికి అపచారం చేశారు, అనుభవించండి" అనలేదు. కొండనెత్తి గొడుగుగా పట్టాడు. గోవులు, లేగదూడలు, శిశువులు, వృద్ధులు, అందరికీ ఆ నీడలో చోటిచ్చాడు. తడిసినవారిలో ఎవరు పాపులో, ఎవరు పుణ్యాత్ములో విచారించలేదు. చివరకు పశ్చాత్తాపపడినవాడు దేవేంద్రుడే.

ఉత్పాతానికి దేవతల ఆగ్రహం కారణమైనా, భూఫలకాల ఘర్షణ కారణమైనా, భగవంతుడు ఎవరి పక్షాన నిలుస్తాడో గోవర్ధనలీల నిర్ణయించి చెప్పింది. ఆయన తడిసినవారి పక్షం. ఆయన భక్తులమని చెప్పుకునేవారికి వేరొక పక్షం ఉండదు.

సంవాదఫలం

భూగర్భశాస్త్రం ఈనాడు హిమాలయభూకంపాల కారణాన్ని స్పష్టంగా వివరిస్తున్నది. భారత భూఫలకం ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున ఉత్తరదిశగా ఆసియాఖండంలోకి చొచ్చుకుపోతున్నది. యుగాలుగా పేరుకున్న ఆ ఒత్తిడి అప్పుడప్పుడు ఒక్కసారిగా విడుదలవుతుంది. 1934లో కూలిన ఖాట్మండులోని ధరహరా స్తంభాన్ని మళ్లీ కట్టారు. 2015 ఏప్రిల్ 25 నాటి భూకంపంలో అది మళ్లీ కూలింది. ఈ విషయంలో రవీంద్రుల పక్షమే నిలిచింది.

గాంధీజీ వాదం తర్కంగా నిలువకపోయినా, ఆయన ఆచరణ వేరొక సత్యాన్ని నిలబెట్టింది. పాట్నా ఆసుపత్రిలో నిర్బంధంలో ఉన్న బాబూ రాజేంద్రప్రసాద్ భూకంపం జరిగిన రెండు రోజులకు విడుదలయ్యారు. అనారోగ్యంతోనే బీహారు కేంద్ర సహాయసంఘాన్ని నడిపారు. జె.సి. కుమారప్ప పైసా పైసాకు లెక్క చూశారు. ముంగేరులో నెహ్రూ స్వయంగా పార పట్టి శిథిలాలను తవ్వారు. మార్చిలో గాంధీజీ హరిజనయాత్రను ఆపి బీహారు చేరి, గ్రామగ్రామానా తిరిగారు. దండనమని నమ్మిన ఆయన, దండనం పొందినవారిని దూరంగా ఉంచలేదు. వారి మధ్యకు వెళ్లి కూర్చున్నారు. భూకంపం దైవదండనం కాదన్న నెహ్రూ పార పట్టారు, అవునన్న గాంధీజీ పల్లెబాట పట్టారు. శిథిలాల వద్ద ఇద్దరి ధర్మం ఒక్కటే అయింది.

కాబట్టి ఉత్పాతవార్త విన్నప్పుడు సాధకుడు పాటించవలసిన క్రమం స్పష్టంగానే ఉంది. మొదట ఆర్తులకు అన్నం, నీరు, ఆశ్రయం. పిమ్మట అధికారంలో ఉన్నవారు చేసిన, చేయని పనులను నిర్భయంగా విచారించడం. ఆపైన, రాత్రి ఏకాంతంలో, తనలోని అధర్మాన్ని మాత్రమే వెదకుకోవడం. ఇతరుల పాపపుణ్యాల లెక్క చిత్రగుప్తునిది. ఆ పుస్తకాన్ని తెరిచి చదివే అధికారం శాస్త్రం ఏ భక్తునికీ ఇవ్వలేదు.